ప్రింటర్‌లోంచి వచ్చిన నా చేతిరాత

నేను పబ్లిక్ లైబ్రరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. రిటైర్ కావడానికి కొన్ని నెలల ముందు, ఒక దొంగ కామిక్స్ సైట్‌కి సరుకు అందించింది నేనేనని తెలిసింది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. లైబ్రరీ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న మన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఆంటీ, లైబ్రరీ జాబ్ అంటే స్ట్రెస్ ఉండదు కదా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను కెనడాలో, ఏజాక్స్ అనే ఊళ్లో ఉంటాను. పనిచేసిన ఊరు అక్కడికి పెద్ద దూరం కాదు గానీ బ్రాంచి పేరు రాయను. అక్కడివాళ్లు మంచివాళ్లు, తప్పు నాది. మనుషుల పేర్లు మార్చాను. ప్రమోషన్లు, కమిటీలు, మీటింగుల సంగతి అడక్కండి, అవి నాకే గుర్తులేవు.

కౌంటర్ వెనక

ముందు ఒక భ్రమ వదిలించాలి. లైబ్రరీ ఉద్యోగమంటే పుస్తకాలు చదువుకుంటూ కూర్చోవడం కాదు. ఆ కౌంటర్‌లో నేను ఎక్కువసార్లు చేసిన పని ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం. ఆ తర్వాత బాత్‌రూమ్ తాళం చెవి ఇవ్వడం, వర్క్ పర్మిట్ కాగితాలు ఎలా స్కాన్ చేయాలో చూపించడం, బస్సు తప్పిపోయి చలికి లోపలికొచ్చిన మనిషిని పలకరించి వదిలేయడం. ఏమీ కొనకుండా పొద్దంతా కూర్చోగలిగే చోటు ఊళ్లో ఇంకోటి చూపించండి. కాఫీ షాపులోనైనా కప్పు ఖాళీ అయితే మనవైపు చూస్తారు. మా దగ్గర ఎవరూ చూడరు. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్లు ఈ దేశంలో మొదటి చలికాలం గడపలేదని అర్థం.

నా మొదటి బాస్ మార్గరెట్. పొడుగ్గా, ఎప్పుడూ ఒకే బూడిదరంగు స్వెట్టర్‌లో ఉండేది. నేను చేరిన కొత్తలో కామిక్స్ అంటే నాకు చిన్నచూపు. బొమ్మల పుస్తకాలు చదివితే పిల్లలు పాడైపోతారన్న ఇంట్లో పెరిగాను మరి. ఒకరోజు ఎవరూ చూడకుండా కామిక్స్ అన్నిటినీ వెనక గోడ దగ్గర కింది అరలోకి మార్చేశాను. మార్గరెట్ తిట్టలేదు. వాటిలోంచి ఇరవై పుస్తకాలు ఏరి నా బల్లమీద పెట్టి, "రెండు వారాల్లో ఇవి చదువు. ఒక్కోదాని గురించి నాలుగు వాక్యాలు రాసివ్వు. ఆ తర్వాత కూడా వీటి చోటు వెనకే అనిపిస్తే వెనకే ఉంచుదాం" అంది. తల వాచేలా చివాట్లు పెట్టినా అంత పని జరిగేది కాదు. రెండు వారాల తర్వాత వాటిని నా చేత్తోనే ముందుకు తెచ్చి పెట్టాను. అప్పటినుంచి మా బ్రాంచికి కామిక్స్ ఎంచి తెప్పించే పని నాదే అయింది.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కామిక్స్‌ని అంతగా ప్రేమించిన మనిషే ఆ తర్వాతి పని చేసిందని మీకు తెలియాలి.

కుట్టుమిషన్ల నానమ్మ

కొన్నేళ్ల క్రితం ఒక కామిక్ తెప్పించాను. గీసింది రేణు అనే అమ్మాయి. బ్రిటిష్ కొలంబియాలో ఉంటుంది. వాళ్ల ముత్తాతలు తెలుగు ఊళ్ల నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లినవాళ్లు, తల్లిదండ్రులు అక్కడినుంచి కెనడా వచ్చారు. కథ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఒక నానమ్మ, ఆమె మనవరాలు పాత వ్యాన్‌లో ఊరూరా తిరుగుతూ కుట్టుమిషన్లు బాగుచేస్తుంటారు. ఆగిన ప్రతి ఇంట్లో ఒక మిషన్, ఆ మిషన్ వెనక ఒక కథ. మొత్తం మూడు పుస్తకాలని మొదటి దానిలోనే వేశారు. రెండోది వచ్చేసరికి నాకు పిచ్చి పట్టింది. దాని చివరి పేజీలో నానమ్మ ఒక కొండమీది ఇంటి తలుపు కొడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. తీసినవాళ్ల చెయ్యి మాత్రమే మనకు కనిపిస్తుంది. నానమ్మ "నువ్వా!" అంటుంది. అంతే, పుస్తకం అయిపోయింది. ఆ చెయ్యి ఎవరిదో మూడో పుస్తకంలో తెలియాలి.

మా బ్రాంచిలో శనివారం మధ్యాహ్నాలు తెలుగు కథల గంట నడిపేదాన్ని. పిల్లలు కింద కూర్చునేవాళ్లు, నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేవాళ్లు. వెనక కుర్చీల్లో అమ్మలు, నాన్నలు, అప్పుడప్పుడూ ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లలో సుశీలమ్మ గారు ఒకరు. కరీంనగర్ వైపు. కూతురి దగ్గరే ఉండిపోయారు, మనవరాలిని తీసుకుని వచ్చేవారు. ఒక శనివారం కథ అయిపోయాక ఆమె రేణు పుస్తకం చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"ఏం రాసిండ్రో సమజైతలేదు బిడ్డా. గీ ముసలామె అచ్చం నా లెక్కనే ఉన్నది. ఏమంటున్నదో జెర జెప్పరాదు?"

కూర్చోబెట్టి చెప్పాను. రెండు పేజీలు అయ్యాక, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని అడిగారు. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. పసుపు స్టిక్కీ కాగితాలమీద తెలుగులో మాటలు రాసి, ఒక్కో బొమ్మ పక్కన అంటించాను. పెన్సిల్‌తో కూడా పుస్తకంమీద గీత పడనివ్వలేదు. లైబ్రరీ పుస్తకం పాడు కాకూడదు కదా! అంత జాగ్రత్త నాకు. అప్పటినుంచి శనివారాలు వారానికో అధ్యాయం ఆ కథే అందరికీ చెప్పేదాన్ని.

ఆ చలికాలం సుశీలమ్మ గారు ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచుమీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. శనివారాలు రాలేకపోయారు. నానమ్మ కథ ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారని ఆమె కూతురు మా కథల గంట వాట్సాప్ గ్రూప్‌లో రాసింది. నేను స్టిక్కీ కాగితాలతో సహా ఒక అధ్యాయం స్కాన్ చేసి గ్రూప్‌లో పెట్టాను. చప్పట్లు, పూలు, దండాలు వచ్చి పడ్డాయి. "మాకూ ప్రతివారం పెట్టండి ఆంటీ, మంచులో డ్రైవ్ చేయడం కష్టంగా ఉంది" అన్నారు. సరేనన్నాను. వసంతం వచ్చేసరికి రెండు పుస్తకాలూ మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా గ్రూప్‌లో ఉన్నాయి.

ఇక్కడ కాస్త ఆగండి. ఇల్లు కదలలేనివాళ్లకు పుస్తకాలు ఇంటికే పంపే సేవ మా లైబ్రరీలో ఉంది. దాని ఫారాలు నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. వాలంటీర్లు సంచీలో పుస్తకాలు తీసుకెళ్లి ఇచ్చి, మూడు వారాలకు వెళ్లి తిరిగి తెస్తారు. ఆ సేవ గురించి కొత్త ఉద్యోగులకు పాఠం చెప్పింది నేనే. సుశీలమ్మ గారి విషయంలో మాత్రం అది నా బుర్రలోకి రాలేదు. మనవాళ్లు అనుకోగానే లైబ్రరీ పద్ధతి మర్చిపోయి ఇంటి పద్ధతి మొదలుపెట్టాను. ఇంట్లో ఏ మంచి వస్తువున్నా అందరికీ పంచే అలవాటు కదా మనది. ఆ వస్తువు నాది కాదన్న మాట ఒక్కసారి కూడా తట్టలేదు.

తీసేసే పుస్తకాల జాబితా

లైబ్రరీలో పుస్తకాలు చేరుతూనే ఉంటాయి, గోడలు మాత్రం జరగవు. అందుకని చాలాకాలంగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల జాబితాను కంప్యూటర్ ఎప్పటికప్పుడు ఇస్తుంది. మేం దాన్ని పట్టుకుని అరల వెంట తిరుగుతూ, ఉంచాల్సినవి ఉంచి మిగతావి తీసేస్తాం. తీసేసిన దానిమీద ముద్ర కొట్టి పాత పుస్తకాల అమ్మకానికి పెడతాం. కొత్తవాళ్లకు ఈ పని ఏడుపు తెప్పిస్తుంది. నాకు అలవాటైపోయింది.

ఆ చలికాలం గడిచిన రెండేళ్లకు జాబితాలో రేణు పుస్తకాలు రెండూ వచ్చాయి. వాటిని అరలోంచి తీసి చూశాను. అట్టలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నా కథల గంటకు వచ్చే ప్రతి పిల్లకూ ఆ నానమ్మ తెలుసు. ఆమె వ్యాన్ బొమ్మ గీసి నాకు ఇచ్చినవాళ్లున్నారు. అలాంటి పుస్తకం రెండేళ్లుగా ఒక్కరు కూడా ఎందుకు తీసుకెళ్లలేదని అడగాలి కదా? అడగలేదు. "ఈ కాలం జనం పుస్తకం ముట్టరు" అని విసుక్కుని రెండిటిమీదా ముద్ర కొట్టాను. పక్కన ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయికి దానిమీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. అది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ప్రింటర్ దగ్గర

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం లావణ్య వచ్చింది. ఇంట్లో డేకేర్ నడుపుతుంది, విజయవాడ అమ్మాయి, మా గ్రూప్‌లో మనిషే. కంప్యూటర్ దగ్గర కాసేపు కూర్చుని నన్ను పిలిచింది.

"విజయా ఆంటీ, కలర్ ప్రింట్ రావట్లేదండి. కొంచెం చూస్తారా?"

వెళ్లి సెట్టింగ్ మార్చాను. ప్రింటర్ గురగురమంటూ మొదటి కాగితం బయటపెట్టింది. పాత వ్యాన్, కొండదారి. రేణు బొమ్మ! ఎక్కడున్నా గుర్తుపడతాను. రెండో కాగితం వచ్చింది. బొమ్మ పక్కన పసుపు చీటీ, దానిమీద తెలుగు. ఎవరిదో చేతిరాత అనుకున్నాను ముందు. ఆ తర్వాత పోల్చుకున్నాను, నాదే. మూడో కాగితంలో పేజీ కింద మా బ్రాంచి ముద్ర, పక్కనే స్కానర్ గాజుమీద ఆనించిన నా బొటనవేలు, దానికి మా అమ్మ ఉంగరం.

"ఇది ఎక్కడిది లావణ్యా?"

"సైట్‌లోదండి. ఫ్రీయే."

స్క్రీన్ వైపు చూశాను. చుట్టూ మిలమిలలాడే జూదం ప్రకటనలు, బూతు బొమ్మలు, మధ్యలో నానమ్మ. కింద వేరే వేరే దేశాల జెండాలతో కామెంట్ల వరస.

"ఇది దొంగ సైట్ అమ్మా. దీన్ని ప్రింట్ చేయకూడదు."

లావణ్య నా మొహంలోకి అయోమయంగా చూసింది. "అదేంటండీ, మీవే కదా! పైన మీ పేరే ఉంది చూడండి."

చూశాను. 'స్కానింగ్, తెలుగు అనువాదం: విజయా ఆంటీ, కెనడా' అని ఉంది. పక్కన గుండె బొమ్మ. రేణు పేరు కోసం పైకీ కిందకీ జరిపాను. లేదు. అట్ట కూడా లేదు. అట్టమీద నేను చీటీ అంటించలేదు కాబట్టి స్కాన్ చేయలేదు. అప్పటిదాకా ఆ సంగతి నాకే తెలియదు. ఆమె పేరు తీసేసింది ఏ దొంగో కాదు. గ్రూప్‌లో మొదటిరోజు నేను పెట్టిన పేజీల్లోనే అది లేదు.

ప్రింట్ ఆపేసి, వచ్చిన మూడు కాగితాలూ తీసుకున్నాను.

ప్రవీణ్

సైట్‌లో ఎవరు పెట్టారని గ్రూప్‌లో అడిగితే నిమిషంలో జవాబొచ్చింది. ఓక్‌విల్‌లో పనిచేసే ప్రవీణ్. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, కథల గంటకు కుర్చీలు వేసే మనిషి. ఫోన్ చేశాను.

"నేనే పెట్టినా ఆంటీ, ఆ చలికాలమే. గ్రూప్‌లో పాత మెసేజ్‌లు దొరకట్లేదని అందరూ కంప్లెయిన్ చేసినారు కదా. ఒకచోట ఉంటే ఈజీ అని. ఇండియాలో మా కజిన్స్ పిల్లలు కూడా చదివినారు. క్రెడిట్ మీకే ఇచ్చినా."

"రేణుని అడగాలనిపించలేదా?"

"రేణు ఎవరు ఆంటీ?"

కోపం తెచ్చుకుందామనుకున్నాను. నాకది చిటికెలో వచ్చేస్తుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు రాలేదు. పార్కింగ్‌లో పర్సు దొరికితే మాకు అప్పగించి, మూడుసార్లు కౌంటర్‌కి ఫోన్ చేసి యజమానికి చేరిందా అని కనుక్కున్న మనిషి ప్రవీణ్. లైబ్రరీలో ఉన్నది ఫ్రీ, లైబ్రరీ ఆవిడ పంచింది ఫ్రీ, ఫ్రీగా వచ్చింది ఎక్కడ పెడితే ఏం? అతని లెక్క అది. ఆ లెక్క నేర్పింది నేను. లైబ్రరీ పుస్తకాన్ని కొంటుంది, ఒక్కొక్కరికి ఇస్తుంది, తిరిగి తీసుకుంటుంది, ఎంతమంది అడిగారో చూసి ఇంకో కాపీ తెప్పిస్తుంది. ఇదంతా జరిగేది కౌంటర్ వెనక. ఇవతలివాళ్లకు కనిపించేది పైసా అడగలేదన్న ఒక్క సంగతే. మనం చెప్పకపోతే వాళ్లకు ఆ సైటూ లైబ్రరీ ఒకటే.

మేనేజర్ డానియెల్‌కి ఆ సాయంత్రమే అంతా చెప్పాను. నాకన్నా బాగా చిన్నవాడు. "మీరా?" అన్నాడు. ఇంకేమీ అనకపోయినా ఆ రెండక్షరాలు చాలు. ప్రచురణకర్తకు, సైట్‌కు ఉత్తరాలు రాశాం. ఆ సైట్‌లో తీసేశారు. వారం తిరక్కుండా ఇంకో రెండు చోట్ల ప్రత్యక్షమైంది, నా ఉంగరంతో సహా.

రేణుతో మాట్లాడిన గంట

రేణుకు నేను విడిగా ఉత్తరం రాశాను. ఆమె వీడియో కాల్ పెట్టింది. ముప్పై దాటిన అమ్మాయి, కళ్ల కింద నలుపు, వెనక ఖాళీ గోడ. ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకున్నాం. మొదట్లో మాత్రం "నమస్కారం అమ్మా, బాగున్నావా?" అంది, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు. ఇంట్లో ఆ ఒక్క ముక్కే మిగిలిందట.

చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. ఆఖరున, "మూడో పుస్తకం వద్దన్నారు ఆంటీ" అంది. ప్రచురణకర్తలు అమ్మకాలు చూశారట, లైబ్రరీల్లో ఎంతమంది తీసుకుంటున్నారో కూడా చూశారట. లైబ్రరీలే తీసేస్తున్నాయి, ఇక పాఠకులెక్కడున్నారు అన్నారట.

"మా దగ్గర తీసేసింది నేనే" అన్నాను. ఆ మాట చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ కథల గంటకు ఎంతమంది వచ్చేవాళ్లు?" అని అడిగింది.

"గది నిండేది."

"తలుపు తీసిందెవరని అడిగేవాళ్లా?"

"ప్రతి శనివారం అడిగేవాళ్లు. ఇప్పటికీ అడుగుతారు."

ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నాకెవరూ చెప్పలేదు" అంది. "నాలుగేళ్లు గీశాను. ఒక్క ఉత్తరం రాలేదు, ఒక్కరు అడగలేదు. నా పుస్తకం ఎవరూ చదవలేదనుకున్నాను. డబ్బు లేకపోయినా గీసేదాన్నేమో. ఎదురుచూసేవాళ్లే లేరనుకుని ఆపేశాను."

ఇప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో షిఫ్టులు చేస్తోంది. గీసే బల్ల ఎవరికో ఇచ్చేసింది. మళ్లీ మొదలుపెడతావా అని అడిగాను. "ఇప్పుడు కాదు" అంది. ఎప్పుడని అడిగే మొహం నాకు లేదు.

పిల్లలూ, పైరసీ అంటే డబ్బు నష్టమని మీకు కోర్సులో చెబుతారు. నిజమే. కానీ నన్ను కుదిపేసింది అది కాదు. గది నిండా జనం, ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇంకెంతమందో ఆ నానమ్మ కోసం ఆత్రంగా ఎదురుచూస్తుంటే, ఆమెను పుట్టించిన మనిషి ఖాళీ గోడ ముందు కూర్చుని తన పుస్తకం ఎవరికీ అక్కర్లేదని ఏడ్చింది. వాళ్లలో ఒక్కరు కౌంటర్‌కి వచ్చి కార్డు చూపించి ఆ పుస్తకం తీసుకుని ఉంటే, ఆ సంగతి ఏదో ఒక దారిన ఆమెకు చేరేది. ఆ దారిని మూసేసింది నేను, మంచిపని చేస్తున్నానన్న సంతోషంతో.

చివరి వారం

గ్రూప్‌లో అంతా రాశాను. ఏదీ దాచలేదు. స్కాన్ చేసిన పేజీలు తీసేయమన్నాను. ఆ పుస్తకాలు మళ్లీ తెప్పించమని లైబ్రరీకి అర్జీ పెట్టమన్నాను. దండాలు పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయి. ప్రవీణ్ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "తప్పయింది ఆంటీ" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను, ఇద్దరం ఒకే బోనులో ఉన్నాం కదా.

అర్జీ పెట్టడానికి బ్రాంచికి నడిచి వచ్చింది మాత్రం సుశీలమ్మ గారొక్కరే. ఇన్నేళ్లూ మనవరాలి కార్డుతో గడిపారు. ఆ రోజు తన పేరున కార్డు చేయించుకుని, కౌంటర్ దగ్గరే కుర్చీ లాక్కుని రేణుకు ఉత్తరం చెప్పి రాయించారు.

"రాయి బిడ్డా. కాలిరిగి మంచంల వడ్డప్పుడు గా ముసలామెనే నాకు తోడున్నది. తలుపు దీసిందెవరో నువ్వు జెప్పకుంటే నా పానం ఊకుంటలేదు. జల్ది రాయి తల్లీ."

నేను దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, తెలుగు కాగితం కూడా జతచేసి పంపాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు. పుస్తకాలు రెండూ మా బ్రాంచికి మళ్లీ వచ్చాయి, మొదట సుశీలమ్మ గారి ఇంటికే వెళ్లాయి.

నా ఆఖరి రోజున బ్రాంచిలో కేకు కోశారు, డానియెల్ నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఇంటికి బయల్దేరుతూ ఫోన్ చూసుకున్నాను. కథల గంట గ్రూప్‌లో ఒక మెసేజ్ ఉంది. నేను రాసిందంతా చదివి కన్నీళ్ల బొమ్మ పెట్టిన ఒకమ్మాయే రాసింది.

"హ్యాపీ రిటైర్‌మెంట్ ఆంటీ! వెళ్లేముందు థర్డ్ పార్ట్ కూడా పెట్టేయండి ప్లీజ్, పిల్లలు అడుగుతున్నారు."

పార్కింగ్‌లోనే నిలబడి జవాబు రాశాను. "మూడో భాగం లేదమ్మా. ఆ అమ్మాయి గీయడం మానేసింది. మనం చదువుతున్నామని ఆమెకు తెలియలేదు."

కాసేపటికి బదులొచ్చింది.

"అయ్యో! మరి వేరే సైట్‌లో ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తారా ఆంటీ?"